పన్నెండో చిలుక

ఆదోని, పత్తి బజారు వెనక సందు.
టేపు ఒక కొస ఓబులేసు పట్టుకున్నాడు,
ఇంకో కొస నేను.
రోడ్డు నలభై అడుగులు కావాలంట.
ఈ మిద్దె వసారా అందులోకి పద్నాలుగు.

తలెత్తితే నొసట సున్నపు తీగలు,
తీగల నడుమ రెండు ఏనుగులు.
ఒకదానికి తొండం లేదు,
ఆ బొక్కలో పిచ్చుక గూడు.
కింద కట్టిన సంవత్సరం, పందొమ్మిది వందల పదీ…
చివరి అంకె రాలిపోయింది.
ఇల్లు కూడా వయసు దాస్తుంది.

కోసిగి చెన్నబసప్ప కట్టించినాడంట,
దూది బంగారమైన ఏడు,
బండ్లు కోటగోడ దాకా బారులు తీరిన ఏడు.
బర్మా టేకు రైలెక్కి వచ్చింది.
రంగుటద్దాలు బొంబాయి నుంచి
గడ్డిలో పడుకోని వచ్చినాయి.
బేతంచెర్ల బండలు మాత్రం
ఎద్దుల మెడల మీద వచ్చినాయి, మెల్లగా, అలుగుతా.

గచ్చు నూరింది ఆడోళ్లు.
గానుగ సున్నం, కరక్కాయ నీళ్లు,
బెల్లం, కోడిగుడ్డు తెల్లసొన.
మూడు నెలలు నూరినారు.
శెట్టి పేరు గడప మీద ఉంది,
వాళ్ల పేర్లు గోడలోకి ఇంకినాయి.

ఇదంతా చెప్పింది జిలానీబీ,
వసారాలో కుట్టుమిషన్ పెట్టుకున్న అద్దెమనిషి.
నడిమింటి గవాచిలోంచి దిగే ఎండే ఆమెకు గడియారం.
అది రోలు దాటితే అన్నం,
తొట్టి దాటితే నమాజు.
సాయంత్రం తలుపు పైన అద్దాలు వెలుగుతాయి.
తెల్ల రవికె గుడ్డ మీద నీలం పడితే
కత్తెర కాసేపు ఆగుతుంది.
"ఈ రంగు అంగట్లో దొరకదు సారూ" అంటుంది.

స్తంభాలు పన్నెండు.
ఒక్కోదాని తలన అరటిపువ్వు,
పువ్వు మీద వాలిన చిలుక.
చెక్కింది మౌనాచారి,
ఉలికి తప్ప నోటికి పని చెప్పని మనిషి.
పదకొండు చిలుకలు సందులోకి చూస్తాయి.
పన్నెండోదానికి కన్ను లేదు.

పని ముగిసే వేళకు దూది ధర కూలింది.
జిన్నింగ్ మిల్లు గొట్టం చల్లబడింది.
కూలి రేపన్నాడు శెట్టి,
తేరు పోయినాక అన్నాడు,
కొత్త పత్తి దిగినాక అన్నాడు.
మౌనాచారి ఉలులు గోనెలో చుట్టుకున్నాడు.
"కూలి ముట్టిన్నాడు వచ్చి కన్ను తెరుస్తా."
ఈ ఇంట్లో ఆయన పలికిన
పొడుగాటి మాట అదొక్కటే.

మొన్న జిలానీబీ మనవరాలు
స్టూలెక్కి బాల్‌పెన్నుతో చుక్క పెట్టిందంట.
ముసలామె తడిగుడ్డతో తుడిచేసింది.
"బాకీ తీరకుండా కన్ను పెట్టగూడదు.
అందులోనూ మేం అద్దెకున్నోళ్లం."

నా కాగితంలో గడులున్నాయి:
మట్టి గోడ, సున్నపు గోడ, సిమెంటు గోడ.
చదరపు అడుక్కి ఇంత.
వారసులు ఏడుగురు, కోర్టులో ముగ్గురు,
మిగతా నలుగురూ ఫోన్ ఎత్తరు.
చిలుకలకు గడి లేదు.
చివర 'షరా' అని ఇరుకు జాగా,
నా సంతకం కన్నా చిన్నది.

ఓబులేసు ఎర్ర రంగు డబ్బా మూత తీసినాడు.
గీత గీస్తే గచ్చు పట్టుకోలేదు.
నూరేండ్ల నునుపు.
రంగు జారి బండ మీద చుక్కలైంది.
మళ్లీ గీసినాడు, మళ్లీ జారింది.
మూడోసారి గరుకు కాగితం తీస్తే
నేనే పట్టి గీకినా.
నా ఉద్యోగం, నా చెయ్యి.
గోరంత పొడి రాలింది.
వాసన చూసినా:
బెల్లం లేదు, కరక్కాయ లేదు,
నా వేళ్ల చెమటే.

గీత నిలబడింది.
జిలానీబీ మిషన్ ఆపలేదు,
ఎవరిదో పండగ జాకెట్, రేపటికివ్వాల.

షరా గడిలో రాసినా: కూలి బాకీ ఉంది.
పైఆఫీసరు అడుగుతాడు, ఎవరికి, ఎంత అని.
ఓబులేసు కొస వదిలినాడు.
టేపు బండ మీద బరబరా పాక్కుంటా
నా చేతిలోకి చుట్టుకుంది,
చివర ఇంత దూది పట్టుకోని.